బారటాంగ్ బురదలో కొత్త చుట్టం

అండమాన్ మట్టి అగ్నిపర్వతంలో హైదరాబాద్ శాస్త్రవేత్తలు ఓ కొత్త బ్యాక్టీరియాను పట్టుకుని పేరు పెట్టారు. పొలానికి కావలసింది మాత్రం పేరు కాదు, దాని పని.

తుష్నాబాద్ పేరు విన్న తెలుగువాళ్లు తక్కువే. దక్షిణ అండమాన్‌లో ఫెర్రార్‌గంజ్ తహసీల్లోని గ్రామమది. అయితే ఆ దీవుల్లో తెలుగు మాట కొత్త కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్, నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. విశాఖ రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (2024 సెప్టెంబర్‌లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు) ఓడలో వెళ్లినవాళ్లు కోస్తా పల్లెల్లో కనిపిస్తారు.

దక్షిణ అండమాన్ పల్లెల్లో నేల తీరు మన డెల్టాలా ఉండదు. వాలు మీద పోక, కొబ్బరి. లోయ అడుగున వరి మళ్లు. మళ్లు దాటితే చాలాచోట్ల మడ అడవి, దాని వెనకే ఉప్పునీటి పాయ. కొండ మట్టి నుంచి సముద్రపు బురద దాకా ఉన్న ఈ కాస్త దూరంలోనే నేల గుణం పూర్తిగా మారిపోతుంది. నేలతోపాటు అందులో బతికే కంటికి కనిపించని జనాభా కూడా మారుతుంది. ఒక గ్రాము మట్టిలో కోట్ల సంఖ్యలో బ్యాక్టీరియా ఉంటాయి. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో మేత వేసి పెంచుదామంటే సాధారణంగా నూటికి ఒకటి కూడా లొంగదు. అంటే మట్టి గురించి మనకు తెలిసిన దాంట్లో సింహభాగం ఆ లొంగిన కొద్దిపాటి జీవులు చెప్పిన సాక్ష్యమే.

ఆ సాక్ష్యం కోసం అండమాన్‌కు వెళ్లినవారిలో తెలుగు శాస్త్రవేత్తలూ ఉన్నారు. వాళ్ల పని విలువ తెలియాలంటే ముందు ఆ దీవుల మట్టికి 2004లో ఏం జరిగిందో చూడాలి.

కుంగిన నేల

2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర వచ్చిన భూకంపం అండమాన్ దీవులను ఒక పక్కకు ఒరిగేలా చేసింది. ఉత్తర అండమాన్‌లో కొన్ని తీరాలు పైకి లేచి పగడపు దిబ్బలు గాలికి బయటపడ్డాయి. దక్షిణ అండమాన్ సుమారు మీటరు మేర కుంగింది. సునామీ అల వచ్చి పోయింది గానీ, కుంగిన నేల మునుపటి ఎత్తుకు లేవలేదు. పోర్ట్ బ్లెయిర్ పక్కనున్న సిప్పీఘాట్‌లో ఒకప్పటి వరి పొలాల్లోకి రోజూ ఆటుపోట్లతో సముద్రం వచ్చిపోవడం మొదలైంది. పొలాలు చిత్తడి నేలలయ్యాయి. మడ మొక్కలు మొలిచాయి, వలస పక్షులు దిగాయి. పక్షులను చూసేవాళ్లకు అది పండగే. గట్లు కోల్పోయిన రైతుకు కాదు.

ఉప్పు ఒక్కటే సమస్య అయితే అండమాన్ వానలకు అది పెద్ద లెక్క కాదు. ఏటా సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే చోట, నీరు బయటికి పోయే దారి ఉంటే కొన్ని వర్షాకాలాల్లో ఉప్పు కడుక్కుపోతుంది. చిక్కంతా నీరు పోయే దారి లేని చోట. అక్కడ ఉప్పుకు గంధకం తోడవుతుంది. గంధకం కథను నడిపేది సూక్ష్మజీవులే.

సముద్రపు నీటిలో సల్ఫేట్ పుష్కలంగా ఉంటుంది. నీట మునిగిన మట్టిలో గాలి ఆడదు. అక్కడ ఆక్సిజన్ లేకుండా బతికే బ్యాక్టీరియా ఆకులూ వేళ్లూ తిని, ఊపిరికి ఆక్సిజన్ బదులు సల్ఫేట్‌ను వాడుకుంటుంది. ఫలితంగా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. మడ అడవిలో కాలు దిగబడినప్పుడు గుప్పుమనే కుళ్లిన కోడిగుడ్డు వాసన దాందే. ఆ సల్ఫైడ్ మట్టిలోని ఇనుముతో కలిసి నల్లటి బురదగా, కాలక్రమంలో పైరైట్ అనే ఖనిజంగా మారుతుంది. నీళ్ల కింద ఉన్నంతకాలం దానివల్ల పెద్ద ప్రమాదం లేదు.

నీళ్లు తీసేసినప్పుడే ముప్పు. రైతు మంచి మనసుతో కాలువ తవ్వి మడిని ఆరబెడతాడు. గాలి తగలగానే రెండో జట్టు బ్యాక్టీరియా నిద్ర లేస్తుంది. ఇనుము, గంధకం దీని తిండి. పైరైట్‌ను ఆక్సీకరించి ఆ శక్తితో బతికే ఈ జీవుల్లో ఆసిడిథయోబాసిల్లస్ ప్రసిద్ధమైంది. దాని వ్యర్థమే సల్ఫ్యూరిక్ ఆమ్లం. మట్టి పీహెచ్ నాలుగు కంటే దిగువకు, అంటే దాదాపు నిమ్మరసం, చింతపండు పులుసుల స్థాయికి జారిపోతుంది. అల్యూమినియం, ఇనుము కరిగి వేళ్లను కాలుస్తాయి. ఆరిన గడ్డను విరిస్తే లోపల లేత పసుపు మరకలు కనిపిస్తాయి. నేల పులిసిందనడానికి అదే గుర్తు. అండమాన్ తీరంలోనే కాదు, కేరళ కుట్టనాడ్‌లో, వియత్నాం మెకాంగ్ డెల్టాలో రైతులకు ఈ పసుపు బాగా పరిచయం.

విచిత్రమేమిటంటే విరుగుడు కూడా సూక్ష్మజీవుల దగ్గరే ఉంది. మడిలో మంచినీళ్లు నిలగట్టి సేంద్రియ ఎరువు వేస్తే, మూడో జట్టు రంగంలోకి దిగుతుంది. ఇనుమును ఊపిరికి వాడుకునే ఈ బ్యాక్టీరియా ఆమ్లాన్ని ఖర్చు చేసేస్తుంది. మామూలు ఆమ్ల నేలల్లో కొన్ని వారాల్లో పీహెచ్ తటస్థ స్థితికి దగ్గరగా వస్తుంది. గంధకం ఎక్కువున్న నేలల్లో ఆలస్యమవుతుంది, సున్నం సాయం కావాలి. నాటు ముందు మడిలో కొన్నాళ్లు నీరు నిలబెట్టే పెద్దల అలవాటు వెనకున్న రసాయనశాస్త్రంలో ఇదొక భాగం.

పోర్ట్ బ్లెయిర్‌లో 1978లో ఏర్పాటైన కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ (ఇప్పటి పేరు కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ) సునామీ తర్వాత ఇలాంటి పల్లపు భూములకు ఎత్తు మడులు, లోతు కాలువల పద్ధతిని ప్రచారం చేసింది. తవ్విన మట్టిని వెడల్పాటి మడులుగా పోసి కూరగాయలు, మధ్య కాలువల్లో నీరు, చేపలు. మడి మీద పడ్డ వాన ఉప్పును కిందికి కడిగేస్తుంది. మంచి ఉపాయమే. కానీ ఎంత లోతు తవ్వాలన్నది కొలతబద్దతో తేలే విషయం కాదు. అడుగున నల్ల బురద ఉంటే దాన్ని పైకి తెచ్చి పోయడమంటే ఆమ్లాన్ని చేతులారా పుట్టించుకోవడమే. ఏ పొరలో ఏ జట్టు కాపురముందో తెలియకుండా పార వేయకూడదన్నమాట.

బురద కక్కే పుట్ట

ఫెర్రార్‌గంజ్ తహసీలు గుండా వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ దాటాక జరావా గిరిజనుల రిజర్వులో ప్రవేశిస్తుంది. అడవి దాటి, జలసంధిని పడవ మీద దాటితే బారటాంగ్ దీవి. పర్యాటకులు అక్కడికి సున్నపురాయి గుహల కోసం, మట్టి అగ్నిపర్వతాల కోసం వెళ్తారు. అగ్నిపర్వతమంటే లావా ఊహించుకుని వెళ్లినవాళ్లు నిరాశపడటం ఖాయం. బూడిదరంగు బురద కుప్ప, నడిమధ్యన బుడబుడమంటూ బుడగలు. స్థానికులు జల్కీ అంటారు. భూమి పొరలు ఒకదాని కిందికి ఒకటి దూరే చోట లోతున నలిగిన మట్టి, నీరు, సేంద్రియ పదార్థం కుళ్లగా పుట్టిన మీథేన్ లాంటి వాయువులు బీటల వెంట పైకి తోసుకొస్తాయి. 2003 ఫిబ్రవరి 18న ఇక్కడ పెద్ద ఉద్గారమే నమోదైంది. సునామీ భూకంపం తర్వాత 2005లో మరోసారి ఎగసింది.

సూక్ష్మజీవుల శాస్త్రవేత్తకు ఇంతకన్నా మంచి బావి దొరకదు. తవ్వకుండానే భూగర్భం తన మట్టిని తానే పైకి పంపుతోంది మరి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) శాస్త్రవేత్త ఎస్. శివాజీ, పి. అనిల్ కుమార్, టి.ఎన్.ఆర్. శ్రీనివాస్ తదితరులు ఈ బురద నమూనా నుంచి ఒక బ్యాక్టీరియాను వేరుచేశారు. కడ్డీ ఆకారంలో ఉన్న ఆ జీవికి అప్పటిదాకా తెలిసిన ఏ ప్రజాతిలోనూ చోటు దొరకలేదు. దాంతో కొత్త జాతే కాదు, కొత్త ప్రజాతినే ప్రతిపాదించాల్సి వచ్చింది. 2012లో అంతర్జాతీయ వర్గీకరణ పత్రికలో వెలువడిన ఆ పేరు లూటిబాక్యులమ్ బారటాంజెన్స్. లాటిన్‌లో లూటమ్ అంటే బురద, బాక్యులమ్ అంటే కర్ర. తెలుగులో చెప్పాలంటే 'బారటాంగ్ బురదపుల్ల'.

పేరు పెట్టడం తేలిక అనుకునేవాళ్లకు ఓ మాట. బిడ్డకు పేరు పెట్టినట్లు ఇష్టం వచ్చినది పెట్టేస్తే కుదరదు. జీవి ఏ చక్కెర తింటుంది, ఎంత ఉప్పు, ఎంత వేడి తట్టుకుంటుంది, కణపొరలో ఏ కొవ్వులున్నాయి అని వరుసగా పరీక్షించాలి. బ్యాక్టీరియాకు కులవృక్షం లాంటి 16ఎస్ జన్యువు అక్షరాలను ప్రపంచంలోని మిగతా వాటితో పోల్చాలి. అలా పోల్చితే బారటాంగ్ జీవికి దగ్గరి బంధువుగా తేలింది టెపిడమార్ఫస్. దాన్ని కనుగొన్నది అట్లాంటిక్ మధ్యలో, అజోర్స్ దీవుల్లోని ఫుర్నాస్ వేడినీటి ప్రాంతంలో. బఠాణీ, కంది వేళ్ల మీద బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని పట్టే రైజోబియంకు కూడా ఇది దూరపు చుట్టమే, రెండింటిదీ ఒకే వర్గం. చుట్టరికం ఉన్నంత మాత్రాన వృత్తి ఒకటే కానక్కర్లేదు. ఇది మన ఇళ్లలోనూ చూసేదే.

భీమిలి చెరువు నుంచి

ఈ బృందం ఆకాశం నుంచి ఊడిపడలేదు. హైదరాబాద్‌లో దీని వెనక రెండు పాఠశాలలున్నాయి. ఒకటి జేఎన్‌టీయూలో సి.హెచ్. శశికళ, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సి.హెచ్.వి. రమణ నడిపిన పరిశోధన. వెలుతురుతో బతికే ఊదారంగు బ్యాక్టీరియా వాళ్ల ప్రత్యేకత. మన తీరంలోని రొయ్యల చెరువులు, ఉప్పు కయ్యలు, ఆటుపోటు నీళ్లు జల్లెడ పట్టారు. భీమిలి పేరు మీద మారిక్రొమాటియమ్ భీమ్లికమ్, విశాఖ పేరు మీద రోడోవ్యులమ్ విశాఖపట్నమెన్స్ 2007లో శాస్త్రలోకంలో చేరాయి. మొదటి పత్రంలో అనిల్ కుమార్, రెండో పత్రంలో శ్రీనివాస్ ముఖ్య రచయితలు. భీమిలి ఊరికి ఇంతకన్నా శాశ్వతమైన ప్రచారం ఏ పర్యాటక శాఖా చేయలేదు.

రెండోది శివాజీ బాట. అంటార్కిటికా షిర్మాకర్ ఒయాసిస్ మట్టిలో చలికి తట్టుకునే బ్యాక్టీరియాతో మొదలై హిమానీనదాల దాకా సాగింది. మధ్యలో ఓ ఆకాశయాత్ర కూడా ఉంది. 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని టాటా సంస్థ బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో ఓ భారీ బెలూన్ ఎగరేసింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు పట్టి తెచ్చారు. అందులో మూడు కొత్త బ్యాక్టీరియా దొరికినట్లు 2009లో ప్రకటించారు. వాటిలో ఒకటి బాసిల్లస్ ఆర్యభట్టై. అంతరిక్షం నుంచి వచ్చిందా అన్న చర్చతో అప్పట్లో పత్రికలు హోరెత్తాయి.

ఆ హోరు చల్లారాక జరిగిందే మన కథకు అసలు పాఠం. ఆకాశంలో దొరికిందన్న ఆర్యభట్టై తర్వాత మట్టిలో, మొక్కల వేళ్ల దగ్గర కూడా కనిపించసాగింది. మధ్య భారతపు నల్లరేగడి నేలల్లో సోయా, గోధుమ పైర్ల మీద చేసిన అధ్యయనం 2014లో వెలువడింది. మట్టిలో ఇరుక్కుపోయిన జింకును కరిగించి మొక్కకు అందించడంలో ఈ బ్యాక్టీరియా రకాలు గట్టివని అది చెప్పింది. 2020లో వర్గీకరణ మారి దాని ఇంటిపేరు ప్రీస్టియా అయింది. పేరు మారినా పని మారలేదు. స్ట్రాటోస్ఫియర్‌లో దొరికిన సంగతి రైతుకు అక్కర్లేదు. జింకు ఇస్తుందన్నదే అక్కరకొచ్చే మాట.

లూటిబాక్యులమ్‌కు ఆ రెండో అధ్యాయం కావాలి. 2014లో దాని జన్యుపటాన్ని చదివి ప్రచురించారు. జన్యుపటం అంటే పనిముట్ల జాబితా. సంచిలో రంపం ఉంది గనుక వడ్రంగి అనొచ్చు, కానీ ఇవాళ కుర్చీ చేస్తున్నాడో, సంచి తలకింద పెట్టుకుని పడుకున్నాడో జాబితా చెప్పదు. నార్వేకు దూరంగా సముద్రగర్భంలో ఉన్న హకోన్ మాస్బీ మట్టి అగ్నిపర్వతం దగ్గర శాస్త్రవేత్తలు అడిగింది ఈ రెండో ప్రశ్నే. ఏ జీవి ఎక్కడ కూర్చుని ఎంత మీథేన్ తింటోందని అక్కడికక్కడే కొలిచారు. మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచే వాయువు. అందులో కొంతైనా గాలిలోకి పోకుండా ఆపుతున్నది ఈ బురద జీవులే. బారటాంగ్ బుడగల దగ్గరా వేయదగ్గ ప్రశ్న అదే.

గ్లాసుడు నీళ్లలో తీగ

పేరు కన్నా పని ముందు వెతికిన పరిశోధన అండమాన్‌లో లేకపోలేదు. అది మిరప, టొమాటో మళ్లలో జరిగింది.

తేమ, వేడి నిండిన ఆ దీవుల్లో టొమాటో, మిరప, వంకాయలకు వడలు తెగులు పెద్ద శత్రువు. కారణం రాల్‌స్టోనియా సోలనేసియారమ్ అనే మట్టి బ్యాక్టీరియా. వేరు గాయం గుండా లోపలికి దూరి నీటి గొట్టాలను జిగురుతో మూసేస్తుంది. పొద్దున పచ్చగా ఉన్న మొక్క మధ్యాహ్నానికి తల వాలుస్తుంది. ఆకులు పసుపు కాకుండానే చస్తుంది. రైతు నీళ్లు చాలలేదేమోనని మరిన్ని పోస్తాడు, తెగులు పక్క మొక్కకు పాకుతుంది. పరీక్ష సులువే. మొదలు దగ్గర కాండాన్ని కోసి గాజు గ్లాసులో నీళ్లలో వేలాడదీస్తే, కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి తెల్లటి తీగలా బ్యాక్టీరియా జారుతుంది. ఒక్కసారి మట్టిలో స్థిరపడితే ఏళ్ల తరబడి పోదు. మందు చల్లి వదిలించుకునే జబ్బు కాదిది. కూరగాయల్లో కొంత భాగం ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో రావాల్సిన చోట ఒక మడి టొమాటో పోవడమంటే చిన్న నష్టం కాదు.

పోర్ట్ బ్లెయిర్ సంస్థలో ఎన్. అమరేశన్, సహచరులు శత్రువును వదిలి మిత్రుల కోసం వెతికారు. ఆరోగ్యంగా నిలబడ్డ మిరప, టొమాటో మొక్కల లోపలి కణజాలంలో హాని చేయకుండా కాపురముండే బ్యాక్టీరియాను వేరుచేశారు. వాటిలో ఏవి రాల్‌స్టోనియాను అడ్డుకుంటాయో, ఏవి నారు ఎదుగుదలకు సాయపడతాయో పరీక్షించారు. 2012లో ఆ ఫలితాలు వచ్చాయి. తర్వాత ఇదే అన్వేషణను దేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం బారెన్ ఐలాండ్ మట్టికీ విస్తరించి 2014లో ప్రచురించారు. 1991లో మళ్లీ రగులుకున్న ఆ దీవిలో మనిషి కాపురం లేదు. లావా, బూడిద మధ్య బతకగలిగిన బ్యాక్టీరియా మొక్కకు భాస్వరం కరిగించి ఇవ్వగలదా, వేరు పెంచే హార్మోన్ చేయగలదా అన్నదే వాళ్ల ప్రశ్న. కొన్ని చేయగలవని తేలింది.

గాజు పళ్లెంలో గెలిచినది పొలంలో గెలవాలని లేదు. ఇది ఈ రంగమంతటికీ ఉన్న జబ్బు. సంచిలో తెచ్చి చల్లిన బ్యాక్టీరియా, అప్పటికే అక్కడ పాతుకుపోయిన కోట్ల స్థానికుల మధ్య కొత్త కోడలే. తిండి దొరకక, ప్రొటోజోవాకు ఆహారమై కొన్ని వారాల్లో మాయమవుతుంది. అందుకే దుకాణంలో దొరికే జీవన ఎరువు ఒక ఊళ్లో అద్భుతం చేసి, పక్క ఊళ్లో చప్పబడుతుంది. స్థానిక మట్టి నుంచే తీసిన రకాలకు నిలదొక్కుకునే అవకాశం ఎక్కువన్న వాదనకు బలం ఇక్కడే. ఉప్పు, పులుపు, కుండపోత వాన మూడూ కలిసిన అండమాన్ లోయకు పంజాబ్ మట్టి బ్యాక్టీరియా కన్నా బారెన్ ఐలాండ్‌దే నయం కావచ్చు.

నమూనా ఎవరి సొత్తు?

పరిశోధనకు అడ్డుపడుతున్నది డబ్బు ఒక్కటే కాదు. కొత్త బ్యాక్టీరియా పేరు చెల్లాలంటే దాని సజీవ నమూనాను రెండు వేర్వేరు దేశాల్లోని భాండాగారాల్లో దాచాలి, అడిగిన శాస్త్రవేత్తకు ఆంక్షల్లేకుండా ఇవ్వాలి. లూటిబాక్యులమ్ నమూనాలు కొరియా, జపాన్ భాండాగారాల్లో ఉన్నాయి. మన జీవవైవిధ్య చట్టం (2002) మాత్రం భారతీయ జీవ వనరులు విదేశీయుల చేతికి వెళ్లాలంటే చెన్నైలోని జాతీయ ప్రాధికార సంస్థ అనుమతి కావాలంటుంది. వేప, పసుపు పేటెంట్ల గొడవలు చూసిన దేశానికి ఆ జాగ్రత్త సహజమే. మట్టి నుంచి కోట్లు పుట్టడం కల్పన కూడా కాదు. మన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లీ పరిశోధనశాలలో బెంజమిన్ డగ్గర్ తీసిన ఆరియోమైసిన్ మందుకు మూలం అమెరికాలోని మిస్సోరీ పొలం మట్టిలోని ఒక సూక్ష్మజీవి. 1948లో అది వైద్యుల చేతికి వచ్చింది.

అయినా ఆంక్షల్లేకుండా ఇవ్వాలనే నియమానికీ, అనుమతి లేనిదే ఇవ్వకూడదనే చట్టానికీ మధ్య నలిగేది పరిశోధక విద్యార్థే. 2023లో చట్టాన్ని సవరించారు. పరిశోధనకు వెసులుబాటు పెంచామని ప్రభుత్వం చెప్పింది. మరోపక్క 2022లో వచ్చిన సీక్‌కోడ్ అనే కొత్త పద్ధతి జీవిని పెంచకుండానే, జన్యుపటం ఆధారంగా పేరు పెట్టడానికి దారి తెరిచింది. గాజు పళ్లేనికి లొంగని నూటికి తొంభై తొమ్మిదికీ ఇప్పుడు పేరొచ్చే అవకాశం ఉంది. మట్టిలోని డీఎన్ఏ మొత్తాన్ని ఒకేసారి చదివే యంత్రాలు మన విశ్వవిద్యాలయాల్లోనూ చేరాయి.

పేర్ల జాబితా పెరగడానికి ఇక అడ్డు లేదు. జీవావరణం తెలియాలంటే మాత్రం ఒకే మడి దగ్గరికి పదేపదే వెళ్లాలి. నైరుతి వానలకు ముందు ఒకసారి, మడి మునిగాక ఒకసారి, డిసెంబర్ తర్వాత ఎండు కాలంలో ఉప్పు పైకి తేలినప్పుడు ఇంకోసారి. కొండవాలు పోకతోట నుంచి వరి మడి గుండా మడ అడవి అంచు దాకా గీత గీసినట్లు నమూనాలు తీయాలి. పీహెచ్, ఉప్పు, సల్ఫైడ్ కొలతలు జన్యుపటం పక్కనే రాసుకోవాలి. ఏ జట్టు ఎప్పుడు నిద్ర లేస్తుందో అలాగే తెలుస్తుంది. తుష్నాబాద్ ఉన్న ఫెర్రార్‌గంజ్ తహసీలు ఈ పనికి అనువైన చోటు. ప్రయోగశాల ఉన్న పోర్ట్ బ్లెయిర్ అదే దీవిలో ఉంది. తీసిన మట్టిని మంచుపెట్టెలో పెట్టి ఆ రోజే చేర్చవచ్చు.